పటేల్ షాట్‌కి పది మార్కులు

ఇంటర్నల్ మార్కుల్లో, వైవాల్లో, ప్రాక్టికల్స్‌లో కులం ఎట్లా పనిచేస్తుందో 1990 మండల్ గొడవల కాలం నుంచి మనవాళ్ళు రాస్తూనే ఉన్నారు. ఇంటిపేరు చూసి పెన్ను ఎట్లా వంకరపోతుందో అనుభవించినవాళ్ళకు వేరే రుజువు అక్కర్లేదు. కాని విద్యార్థులు సెల్‌ఫోన్లతో తీస్తున్న వీడియోలు, వాటిని స్లైడ్లలో పెట్టి చూపించే తీరు, గూగుల్ ఫారంలో గడులు నింపి మార్కులు వేసే పద్ధతి - ఇవి మన విమర్శలోకి ఇంకా సరిగా రాలేదు. మిషను కులం చూడదు గదా అనే నమ్మకం ఒకటి మనలో కూడా ఉంది. చూడదు, నిజమే. అది చూసేది గడిని. ఆ గడి గీసిందెవరన్నదే ఈ వ్యాసంలో నేను ఎత్తుతున్న ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటి పెట్టారు. 180 గంటలు ఊళ్ళో పనిచెయ్యాలి. ఒక లాగ్‌బుక్, ఒక రిపోర్టు, చివర్లో నలుగురి ముందు ప్రెజెంటేషన్. వీడియోనే తియ్యమని రూలేమీ లేదు. కాని పిల్లల చేతిలో ఫోనుంది. రిపోర్టు ఇంగ్లీషులో రాయడం కంటే ఊళ్ళో పోయి రికార్డు చెయ్యడం మనపిల్లలకు సులువు. ఇంకో మాట కూడా ఉంది. రిపోర్టు రాస్తే అమ్మానాయన చదవలేరు. వీడియో అయితే చూస్తారు. అట్లా ఈ ప్రాజెక్టులు కొన్ని చోట్ల మీడియా ప్రాజెక్టులయ్యాయి. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలకైతే అది ఎటూ తప్పనిసరే.

అసలు 'సేవ' అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. దళితవాడలో పుట్టి దళితవాడలోనే సర్వే చేసే పిల్ల ఎవరికి సేవ చేస్తున్నట్టు? పొద్దున నీళ్ళ బిందె మోసిన గంట లాగ్‌బుక్కులో ఎక్కదు, అదే బిందె ఫొటో తీసిన గంట ఎక్కుతుంది. ఈ సంగతి విడిగా రాయాల్సింది, ఇక్కడ ఆపుతాను.

నెల్లూరు కోస్తాలో ముత్తుకూరు మండలం తీసుకుంటున్నాను. ఒక్క మండలంలో ఇన్ని కెమెరాకు ఎక్కే వస్తువులు ఉన్న చోటు మన జిల్లాలో ఇంకోటి లేదు. 2008 నుంచి నడుస్తున్న కృష్ణపట్నం పోర్టు, 2020-21లో అదానీల చేతికి పోయిన పోర్టు, ఇక్కడే. నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరుమీద థర్మల్ కేంద్రం ఉంది. 2015లో 800 మెగావాట్ల యూనిట్లు రెండు పనిలోకి వచ్చాయి, మూడోదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. పైనాపురం దగ్గర ప్రైవేటు కరెంటు కేంద్రం. ముత్తుకూరులోనే 1991 నాటి ఫిషరీ సైన్స్ కాలేజీ. చుట్టూ రొయ్యల గుంటలు. దళితుల్లోంచి మొదటి ముఖ్యమంత్రి అయినాయన పేరు పొగగొట్టం కింద బోర్డు మీద ఉంటుంది, ఆ పొగగొట్టం నీడ పడే వాడల్లోంచి పిల్లలు బస్సెక్కి నెల్లూరికి డిగ్రీ చదవడానికి పోతుంటారు. వాళ్ళు ఫోను ఎత్తితే ఫ్రేములో ఇవన్నీ వాటంతటవే వచ్చి పడతాయి.

ఈ రెండు మూడేళ్ళలో ఈ మండలం మీద విద్యార్థులు తీసిన వీడియోలు కొన్ని చూశాను. వాటిలో రెండిటిని ఇక్కడ విమర్శకు తీసుకుంటున్నాను. కాలేజీ పేరు చెప్పను, పిల్లల పేర్లు చెప్పను. ఎందుకు చెప్పనో చదువుతూ పోతే తెలుస్తుంది.

మొదటిది 14 నిమిషాల వీడియో. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు కలిసి తీశారు. రొయ్యల పట్టుబడి నాటి రాత్రి. వాడలోంచి ఆటోలో ఆడవాళ్ళు గుంట గట్టుకు పోతారు. వలలోంచి రొయ్య ట్రేలోకి, ట్రేలోంచి ఐసులోకి. ఇంకోచోట షెడ్డులో తలకాయలు తీసే పని. రొయ్య కొమ్ము గుచ్చుకున్న వేళ్ళను కెమెరా చాలాసేపు చూస్తుంది. వీడియో అంతటా ఏరియేటర్ల మోత. గుంటల్లో గాలి ఆడించే ఆ చక్రాలు రాత్రంతా తిరుగుతాయి గనక మాటలు సగం వాటికింద పడిపోతాయి. పదకొండో నిమిషం దగ్గర ఒకామె రొయ్యల కౌంటు గురించి చెప్తుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. ముప్పై కౌంటుకు ఒక రేటు, వంద కౌంటుకు ఒక రేటు. అంతా చెప్పి, కెమెరా పట్టుకున్న పిల్లతో అంటుంది: "కౌంటు రొయ్యకే అమ్మణ్ణీ, మాకేం కౌంటు ఉండాది?" పిల్లకు ఏం చెప్పాలో తెలియదు. కెమెరా కొద్దిగా వణుకుతుంది, కిందికి దిగుతుంది, ఆమె కాళ్ళు కనిపిస్తాయి, మళ్ళీ పైకి లేస్తుంది. ఆ నాలుగైదు సెకన్లు వీడియోలో అట్లాగే వదిలేశారు.

ఈ వీడియోను నెత్తిన పెట్టుకొమ్మని చెప్పడం లేదు. ఆరో నిమిషం నుంచి తొమ్మిదో నిమిషం దాకా ఇంటర్వ్యూ చాలా పేలవంగా ఉంది. మగపిల్లవాడు టీవీ చానెల్ రిపోర్టరు గొంతు తెచ్చుకొని, "మీ సమస్యలేంటో చెప్పండి" అని అడుగుతాడు. సొంత మేనత్తను "మీరు" అని అడిగితే ఆమె నవ్వుతుంది, ఆ నవ్వును కత్తిరించేశారు. కత్తిరించకుండా ఉండాల్సింది. కూలి రేటు ఎంతో చెప్పించారు గాని, అడ్వాన్సు తీసుకున్నవాళ్ళ సంగతి తడమకుండా వదిలేశారు. గుంట యజమాని ఎవరు, ఆ నేల ఒకప్పుడు ఎవరి సాగులో ఉండేది అనే ప్రశ్న అసలే రాలేదు. రొయ్యల గుంటల మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆ గుంటల్లో పనిచేసేవాళ్ళకు ఇవ్వాల్సిన పరిహారం గురించి కూడా మాట్లాడిందని ఆ పిల్లలకు చెప్పినవాళ్ళు లేరు. ఆ కేసు వేసిన జగన్నాథన్ తమిళనాడులో భూమి లేని దళితుల కోసం పనిచేసిన మనిషి. గైడు చెప్పాల్సిన సంగతులు ఇవి.

రెండో వీడియో అయిదు నిమిషాలు. పెళ్ళిళ్ళకు డ్రోన్ తిప్పే అబ్బాయిని మాట్లాడుకొని తీశారు. సముద్రం మీద సూర్యోదయం, పోర్టు క్రేన్లు, కుప్పలుగా బొగ్గు, పొగగొట్టాలు, పచ్చని చతురస్రాలుగా రొయ్యల గుంటలు. వెనక ఎక్కడో కొని తెచ్చిన సంగీతం. మనిషి గొంతు లేదు. కంప్యూటరు చదివిన ఇంగ్లీషు వ్యాఖ్యానం ఉంది. మూడో నిమిషంలో డ్రోన్ ఒక దళితవాడ మీదుగా పోతుంది. సిమెంటు రేకులు, నీలం పట్టాలు, ఎండేసిన బట్టలు. ఎనిమిది సెకన్లు. కింద ఇంగ్లీషులో 'వెనుకబడిన కాలనీ' అని అక్షరాలు పడతాయి. పైనించి చూస్తే అన్ని కొంపలూ ఒకటే. గుడిసె ముందు కూర్చున్న ముసలామె తలెత్తి డ్రోన్ వైపు చూస్తుంది, అది మాత్రం నిజమైన షాట్. తీసినవాళ్ళకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఆ పిల్లలు కష్టపడలేదని నేననను. ఎండలో మూడు రోజులు తిరిగారు, చేతి డబ్బులు పెట్టుకున్నారు.

మొదటిదానికి సగానికి కాస్త పైన వచ్చాయి. రెండోదానికి డిస్టింక్షను.

ఆ మార్కుల ఫారం చూడండి. అయిదు గడులు. సాంకేతిక నాణ్యత, సొంతదనం, విషయం, ప్రెజెంటేషను, ప్రభావం. ఒక్కోదానికి పది. మాస్టారు ఫోనులో లింకు నొక్కి, అంకెలు కొట్టి పంపిస్తే చాలు, కూడిక అదే చేసుకుంటుంది. ఈ ఫారం ఆయన తయారుచెయ్యలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లీషు నమూనాను ఎవరో దించితే అది కాలేజీలో చేతులు మారింది. ఏ దేశంలో ఏ బడిలో ఎయిర్‌కండిషన్డ్ స్టూడియోలో మైకు ముందు కూర్చునే పిల్లల కోసం రాసిందో తెలియదు. ఆయన్ను తిట్టి లాభం లేదు. ఇట్లాంటి చోట్ల చాలామంది గెస్టు లెక్చరర్లే, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. వందల ప్రాజెక్టులు వారంలో చూసి అంకె వెయ్యాలి. ఎవరైనా అంతే చేస్తారు.

సాంకేతిక నాణ్యత గడిలో మొదటి వీడియోకు తక్కువ పడింది, శబ్దం స్పష్టంగా లేదని. ఏరియేటర్ల మోత ఆ ఆడవాళ్ళు రాత్రంతా వినే మోత. ఆ మోతలో మేస్త్రీ కేకలు వినపడక తిట్లు తింటారని వీడియోలోనే ఒకామె చెప్తుంది. మోత తీసేస్తే ఆ మాటకు అర్థం లేదు. ఫోనులో రణగొణలు తీసేసే యాప్‌లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి, ఆ పిల్లలకు అవి తెలుసు కూడా. వాడి చూశారట. మోత పోయింది, దానితోపాటు ఆడవాళ్ళ గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టయ్యాయి. తీసేశారు. ఇది ఆలోచించి చేసిన పని, అంటే ఎడిటింగ్. ఫారంలో దీనికి గడి లేదు.

ప్రెజెంటేషను గడి సంగతి ఇంకా విచిత్రం. వీడియోకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు ఉండాలన్నారు. మాటను అక్షరంగా మార్చే యాప్‌లో ఆ ఆడవాళ్ళ మాటలు పోశారు పిల్లలు. 'ఉండాది', 'పోతుండాం', 'యాడికి', 'అట్టా' - మన నెల్లూరు వాడల మాట ఆ యాప్ నోట్లోకి పోయి ఇంకేదో అయి బయటికొచ్చింది. అది నేర్చుకున్న తెలుగు వార్తలు చదివేవాళ్ళ తెలుగు. చివరికి పిల్లలే కూచొని రాత్రుళ్ళు చేత్తో రాసుకున్నారు. రెండో వీడియోకు ఆ బాధ లేదు. దానిలో మాట్లాడే మనిషే లేడు, మిషను రాసింది మిషనే చదివింది. స్పష్టతకు మార్కులు మిషనుకు పడ్డాయి.

సొంతదనం గడి కోసం రిపోర్టును కాపీ పట్టే సాఫ్ట్‌వేరులో వేస్తారు. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలకు 2018లో యూజీసీ పెట్టిన నిబంధనల ప్రకారం పది శాతం దాకా పోలిక ఉంటే పట్టించుకోరు. ఆ అలవాటు కిందికి దిగింది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన తెలుగు రిపోర్టును ఆ సాఫ్ట్‌వేరు చదవలేదు. అను ఫాంటు వెనక ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు గుర్తులు. మిషనుకు అది పిచ్చి గీతలు. అందుకని సున్నా శాతం కాపీ అని వస్తుంది. తెలుగులో నిజాయితీగా రాసినవాడికీ, పాత రిపోర్టు పేరు మార్చి కొట్టించినవాడికీ ఒకటే సున్నా. నా ఎమ్మే డిసర్టేషను కూడా పేజీకింత అని ఇచ్చి అట్లా కొట్టించిందే, మా ఇంట్లో మొదట యూనివర్సిటీ మెట్లెక్కింది నేనే గనక కంప్యూటరు కొనే మాట అప్పుడు కలలో కూడా లేదు. ఫాంటు కూడా వర్గ సమస్యేనని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

ఇక 'ప్రభావం'. ఈ గడి నింపడానికి యూట్యూబులో ఎంతమంది చూశారో చూస్తారు. దీని మీద ముత్తుకూరు మండలం ప్రపంచానికి పాఠం చెప్పగలదు. 2021 మేలో, కోవిడ్ రెండో అలలో, ఇదే మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు వీడియోలు ఫోన్లలో తిరిగాయి. లక్షల మంది చూశారు. ఆ నెల 21వ తేదీన ఊరు జనంతో నిండిపోయింది. ఆ నెలాఖరున ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనబెట్టి మిగతావాటిలో కొన్నిటికి అనుమతి ఇచ్చింది. మందు మంచిదా చెడ్డదా అన్నది నా విషయం కాదు. ఆ వీడియోలకు ఈ ఫారంలో ప్రభావం గడి కింద పదికి పది పడతాయి, అంతవరకే నేను చెప్పేది. ఊపిరాడక ఊళ్ళమ్మటి పరిగెత్తినవాళ్ళ భయాన్ని 'వ్యూస్' అనే అంకె లెక్కపెట్టింది, అంతకు మించి దేన్నీ కొలవలేదు. రొయ్యల షెడ్డు వీడియోను చూసినవాళ్ళు రెండు వందల మంది కూడా లేరు. వాళ్ళలో షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు ఎందరో ఆ అంకె చెప్పదు. చెప్పే వీలూ లేదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 21 శాతం. మగవాళ్ళు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి గాని, ఇంట్లో ఒక ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలియంది కాదు.

ఇదంతా వింటే ఎక్కడో విన్నట్టు లేదూ? 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు ఇదే పాట వినపడింది. దళిత కవిత్వంలో ఆవేశమే ఉంది, శిల్పం లేదు, ఇది నినాదం, కవిత్వం కాదు అన్నారు. కొలబద్ద తమ చేతిలో పెట్టుకొని మనల్ని పొడుగు చాలలేదన్నారు. అప్పుడు కనీసం మనిషి ఎదురుగా ఉన్నాడు, పత్రికలో జవాబు రాయొచ్చు, సభలో నిలదీయొచ్చు. ఇప్పుడు అదే శిల్పం 'సాంకేతిక నాణ్యత' అనే పేరుతో గడిలో కూర్చుంది. గడితో తగువు పెట్టుకోలేం. "సిస్టం అట్లా ఉంది" అంటారు.

ఇంకో కారణం కూడా ఉంది రెండో వీడియోకు ఎక్కువ మార్కులు పడటానికి. నాక్ బృందం వచ్చినప్పుడు కాలేజీ చేసిన పనులకు జియోట్యాగ్ ఫొటోలు, వీడియోలు చూపించాలి. డ్రోన్ వీడియో కాలేజీ ఫైలులో అందంగా అమరుతుంది. వేళ్ళకు రొయ్య కొమ్ము గుచ్చుకున్న ఆడవాళ్ళు అమరరు. విద్యార్థిని మూల్యాంకనం చేస్తున్నామనుకుంటారు గాని, కాలేజీ తన మూల్యాంకనం కోసం విద్యార్థి పనిని వాడుకుంటోంది.

మనకు వేరే దారి లేదా? ఉంది, అదీ తెలుగు నేల మీదే. మెదక్ జిల్లా (ఇప్పుడు సంగారెడ్డి) జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, చదువు రానివాళ్ళు, 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వరంగల్ పత్తి రైతుల మీద, బీటీ విత్తనం మీద వాళ్ళు 2003లో తీసిన సినిమా దేశాలు తిరిగింది. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టారు. విమర్శకులుగా మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్ళు షాట్లకు పేర్లు పెట్టుకున్నారు. పైనించి కిందికి చూసే షాటును పటేల్ షాట్ అన్నారు. పటేలు కూలివాళ్ళను అట్లాగే చూస్తాడు గనక. కంటికి కన్ను సమానంగా ఉండే షాటును సంఘం షాట్ అన్నారు. సంఘంలో అందరూ కింద ఒకే చాప మీద కూర్చుంటారు గనక. సినిమా పుస్తకాల్లో 'హై యాంగిల్', 'ఐ లెవెల్' అని ఉంటుంది. ఆ మాటల్లో కెమెరా ఎక్కడుందో తెలుస్తుంది. పటేల్ షాట్ అంటే కెమెరా ఎవరిదో తెలుస్తుంది.

ఆ లెక్కన మన డ్రోన్ వీడియో మొదటినుంచి చివరిదాకా పటేల్ షాటే. దళితవాడ మీద ఎనిమిది సెకన్లయితే మరీ. రొయ్యల వీడియోలో కెమెరా పట్టిన పిల్ల ఆడవాళ్ళ పక్కనే గొంతుక్కూర్చుంది. కెమెరా వణికింది, కిందికి దిగింది, మళ్ళీ లేచింది. అది సంఘం షాట్. పస్తాపూర్ కొలత ముత్తుకూరుకు తెచ్చి పెడితే మార్కులు తారుమారవుతాయి.

ఇంకో ఉదాహరణ విద్యార్థులదే. 2011-12 ప్రాంతంలో హైదరాబాదులో ఇఫ్లూ పరిశోధక విద్యార్థి రవిచంద్రన్ 'దళిత్ కెమెరా' అనే యూట్యూబు చానెల్ మొదలుపెట్టాడు. చిన్న కెమెరా, పెద్దగా ఎడిటింగ్ లేదు. సభలు, పాటలు, వాడల్లో మాటలు ఉన్నవున్నట్టు, పొడుగ్గా. ఏ ఫారంలోనైనా అది సాంకేతిక నాణ్యత కింద తప్పుతుంది. కాని పెద్ద చానెళ్ళు రెండు నిమిషాలకు కత్తిరించే మనిషిని అక్కడ గంటసేపు వినొచ్చు. పరిశోధన చేసే మా బోటివాళ్ళం వెతుక్కుంటూ పోయేది ఆ గంట కోసమే. అయితే 'ఎడిటింగ్ లేకపోవడమే నిజం' అనే వాదం నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. రొయ్యల వీడియోలో మేనత్త నవ్వును కత్తిరించడం తప్పయితే, మోత ఉంచడం ఒప్పు. రెండూ ఎడిటింగే. ఏది ఎందుకు ఉంచావని పిల్లల్ని అడిగే పద్ధతి కావాలి.

ఇప్పుడు పేర్లు ఎందుకు చెప్పలేదో చెప్తాను. వీడియోను డ్రైవులో పెట్టి, 'లింకున్న ఎవరైనా చూడొచ్చు' అని నొక్కి, లింకును వాట్సాప్ గ్రూపులో వెయ్యమన్నారు. లింకు ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపుకు పోయేదానికి ఎంతసేపు? గుంట యజమాని కొడుకు కూడా ఏదో కాలేజీలో చదువుతుంటాడు. కూలి రేటు గురించి మొహం కనపడేట్టు మాట్లాడినామె మళ్ళీ పట్టుబడికి పిలుపు వస్తుందో రాదో ఫారంలో ఏ గడీ అడగదు. ఇంగ్లీషులో అచ్చేసిన అంగీకార పత్రం మీద ఆమె వేలిముద్ర వేయించారు. మనవాళ్ళ వేలిముద్రల చరిత్ర తెలిసినవాళ్ళు ఆ కాగితాన్ని చూసి తృప్తిపడరు.

దళితుల మాటకు విలువ కట్టే పని కాలేజీల కంటే ముందు కోర్టులు చేశాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యం చాలలేదంది. చూసినవాళ్ళ మాట తూకానికి వచ్చినప్పుడల్లా మనకు తరుగు తీయడం కొత్తేమీ కాదు. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన అత్యాచార నిరోధక చట్టం సవరణలో 15ఏ సెక్షను కింద, ఆ చట్టం కేసుల్లో జరిగే ప్రతి విచారణా వీడియో తీయాలని రాశారు. అది ఊరికే రాలేదు, సాక్షుల అనుభవంలోంచి వచ్చింది. వీడియో మనకు అలంకారం కాదు. అందుకే దాన్ని ఎట్లా దాచాలి, ఎవరికి చూపాలి, ఎవరికి చూపకూడదు అనేది విద్యార్థి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం కావాలి. దీనికి ఈ ఫారంలో సున్నా మార్కులు.

మిషన్లను సముద్రంలో పారేయమని నేననడం లేదు. అదే డిజిటల్ సామాను మనకు పనికొచ్చే తావులున్నాయి. మొదటిది, అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ పత్రంలో ఎవరు ఏ పూట ఏ వాక్యం రాశారో చరిత్ర ఉంటుంది. ముగ్గురి ప్రాజెక్టులో చేత్తో సబ్‌టైటిళ్ళు రాసింది ఒక పిల్ల, స్టేజి ఎక్కి మాట్లాడింది మగపిల్లవాడు. మాట్లాడినవాడికే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఆ చరిత్ర తెరిచి చూసుంటే రాత్రి పన్నెండు గంటలకు ఎవరి వేళ్ళు పనిచేస్తున్నాయో కనపడేది. దళిత సంఘాల్లో ఆడవాళ్ళ పని మాయమయ్యే తీరు మీద మన అక్కలు వేసిన ప్రశ్నకు ఇక్కడ రుజువు దొరుకుతుంది. ఈ చరిత్రను చూడమని మాస్టార్లకు చెప్పేదానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు.

రెండోది, వీడియోలో ఏ నిమిషం దగ్గర ఏం అనిపించిందో అక్కడే రాసే వీలు. మొత్తానికి కలిపి 'శబ్దం 4/10' అని కొట్టే బదులు, పదకొండో నిమిషం దగ్గర మాస్టారు ఒక ప్రశ్న రాస్తే పిల్ల జవాబు రాస్తుంది. పత్రికల్లో పాత విమర్శ జరిగింది ఈ పద్ధతిలోనే, ఒకరు అనడం, ఒకరు బదులివ్వడం. అంకెకు బదులివ్వలేం.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. వాట్సాప్‌లో వాయిస్ మెసేజి. చదవడం రాని అమ్మ కూడా ఒత్తిపట్టి మాట్లాడగలదు. వీడియోలో ఉన్న ఆడవాళ్ళకే వీడియో చూపించి, వాళ్ళ మాటను అట్లా తీసుకొని, దాన్ని మూల్యాంకనంలో కలపాలి. మార్కు వేసే హక్కు వాళ్ళకు ఎందుకు ఉండకూడదు? రొయ్యల వీడియో తీసిన పిల్లలు ఇది ఎవరూ చెప్పకుండానే చేశారు. పట్టుబడి లేని ఒక సాయంత్రం వాడలో రామాలయం అరుగు మీద ఫోను నిలబెట్టి చూపించారు. ఆడవాళ్ళు చెప్పిన తప్పులు ఏ లెక్చరరూ పట్టనివి. ఐసు మోసేవాళ్ళను చూపించలేదన్నారు. ఆటో చార్జీ కూలిలోంచే పోతుందని చెప్పలేదన్నారు. ఒకామె, తన మొహం తీసేసి వేళ్ళు మాత్రం ఉంచమంది. ఉంచారు. కాలేజీకి ఇచ్చిన కాపీలో మాత్రం ఆ మొహం అట్లాగే ఉంది, గడువు అయిపోయింది, ఫారం మూసేశారు, ఫైలు మార్చే వీల్లేదన్నారు.

ఇది వెంటనే మార్చగలిగిన పని. ప్రాజెక్టు ఇచ్చాక కూడా అందులోని మనుషులు కాదంటే ఫైలు వెనక్కి తీసుకొని మార్చి ఇచ్చే గడువు ఒకటి ఉండాలి. లింకు అందరికీ తెరిచి పెట్టమనకూడదు, చూడాల్సిన మాస్టార్ల పేర్లకే ఇవ్వాలి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించి ఆ వినిపించడాన్నే రికార్డు చెయ్యాలి. యూట్యూబు అంకె ఫారంలోంచి తీసెయ్యాలి. జిల్లాలో ఈ ప్రాజెక్టులు చూసే మన లెక్చరర్లు, దళిత విద్యార్థి సంఘాలు ఈ నాలుగు అడిగితే కాదనడానికి కాలేజీ దగ్గర కారణం లేదు. పైసా ఖర్చు లేదు గనక నిధుల్లేవనే మాట కూడా చెల్లదు. వచ్చే వేసవిలో మళ్ళీ 180 గంటల కోసం పిల్లలు వాడల్లోకి వచ్చేలోపు అడగాలి.